ఇంట్లోనే రంగుల పంచదార: గడ్డ కట్టకుండా, రంగు కారకుండా

కప్‌కేకుల మీద, క్రిస్మస్ కుకీల అంచుల్లో, మాక్‌టెయిల్ గ్లాసు మూతి చుట్టూ తళతళలాడే రంగుల పంచదార బేకింగ్ సామాన్ల షాపుల్లో చిన్న చిన్న సీసాల్లో దొరుకుతుంది. సీసా గుప్పెట్లో ఇమిడిపోతుంది, రేటు మాత్రం కిలో పంచదారని మించి ఉంటుంది. లోపల ఉన్నది దాదాపు అంతా పంచదారే. చిటికెడు రంగు, కొన్నిట్లో మెరుపు కోసం పలచటి మైనం పూత, అంతే.

ఇంట్లో కలుపుకోవడం పావుగంట పని. కాకపోతే చాలామంది ఒకేచోట దెబ్బతింటారు. రంగు బాగానే పడుతుంది, మర్నాటికి పంచదార గడ్డ కడుతుంది. లేదంటే కేక్ మీద చల్లిన అరగంటకే కరిగి చారలు చారలుగా కారుతుంది. రెండింటికీ కారణం తడే. ఏ రంగు, ఏ పాళ్ళు అన్నవి తర్వాత సంగతి. పంచదారలోకి నీళ్ళు ఎంత తక్కువ వెళ్తే, వెళ్ళిన కాస్తా ఎంత పూర్తిగా బయటికి వస్తే పని అంత బాగా కుదురుతుంది. కింద చెప్పేవన్నీ ఆ లెక్కతోనే చదవండి.

ముందు పంచదార గురించి

మామూలు గది వేడిలో 100 గ్రాముల నీళ్ళు దాదాపు 200 గ్రాముల పంచదారని కరిగించుకుంటాయి. అంటే ఒక టీస్పూను నీళ్ళు, 5 మి.లీ., రెండు టీస్పూన్ల పంచదారని సులువుగా మింగేస్తాయి. మీరు కప్పు పంచదారలో స్పూను రంగునీళ్ళు పోసినప్పుడు జరిగేది ఇదే. ప్రతి పలుకు పైపొరా కొద్దిగా కరిగి పాకంలా అవుతుంది. నీళ్ళు ఆవిరైపోయాక ఆ పాకం మళ్ళీ గట్టిపడుతుంది. గట్టిపడేటప్పుడు పక్కపక్కనే ఉన్న పలుకుల్ని అతికించేస్తుంది. అదే గడ్డ. ఇంకో నష్టం కూడా ఉంది. పంచదార పలుకు మెరిసేది దాని చదునైన ముఖాల వల్ల. పైపొర కరిగితే ఆ ముఖాలు మొద్దుబారతాయి, మెరుపు పోతుంది.

కాబట్టి పలుకు పెద్దదైతే మంచిది. మన దేశంలో పంచదారని పలుకు సైజుని బట్టి ఎల్, ఎం, ఎస్ అని గ్రేడ్లు చేస్తారు. కిరాణా కొట్టులో ఈ పేర్లు చెప్తే అర్థం కాకపోవచ్చు, ‘లావు పంచదార’ అని అడగండి, ఇస్తారు. విడిగా అమ్మే కొట్టయితే చేతిలోకి తీసుకుని చూసి కొనుక్కోవడం ఇంకా నయం. అమెరికాలో మామూలుగా దొరికే గ్రాన్యులేటెడ్ షుగర్ మన పంచదార కంటే బాగా సన్నం. అక్కడున్నవాళ్ళు ఇండియన్ స్టోర్ పంచదార తెచ్చుకోవచ్చు, లేదా బేకింగ్ షెల్ఫులో శాండింగ్ షుగర్ అని రాసి ఉన్న తెల్లటిది తీసుకోవచ్చు.

ఇంకా పెద్ద పలుకు కావాలంటే కలకండ ఉంది. దాన్ని రోట్లో గానీ, గుడ్డలో మూటకట్టి అప్పడాల కర్రతో గానీ మెల్లగా దంచి, రెండు జల్లెడలు పట్టండి. పెద్ద కన్నాల జల్లెడలో మిగిలిన ముక్కలు మళ్ళీ దంచడానికి, సన్న జల్లెడలోంచి రాలిన పొడి టీలోకి. మధ్యలో మిగిలినవే మనకి కావాల్సిన పలుకులు. మిక్సీలో వేయకండి, సగం పిండి అయిపోతుంది.

తెలుపులోనూ తేడాలుంటాయి. మన మిల్లుల్లో ఎక్కువ భాగం పంచదార గంధకం పొగతో శుద్ధి చేసినది, దానిలో లేత పసుపు ఛాయ ఉంటుంది. ఎరుపు, నారింజ, ఆకుపచ్చ వేస్తే ఆ ఛాయ తెలియదు. లేత నీలం వేస్తే మాత్రం కాస్త పచ్చగా కనిపిస్తుంది, లేత గులాబీ కాస్త కాషాయానికి తిరుగుతుంది. అలాంటి లేత రంగులకి ప్యాకెట్ మీద సల్ఫర్‌లెస్ అనో రిఫైన్డ్ అనో ఉన్న పంచదార వాడండి.

ఐసింగ్ షుగర్ ఈ పనికి రాదు, అందులో మొక్కజొన్న పిండి కలుస్తుంది, తడి తగిలితే పేస్టు అయిపోతుంది. బ్రౌన్ షుగర్, నాటు చక్కెర, బెల్లం పొడి మొదటినుంచీ తేమతోనే ఉంటాయి కాబట్టి అవీ వద్దు.

ఏ రంగు కొనాలి

నాలుగు రకాలు దొరుకుతాయి. నీళ్ళ రంగు, జెల్, పొడి, నూనె రంగు. ఇందులో నా ఓటు జెల్‌కే. కందిగింజంత జెల్లో ఉన్న రంగు నీళ్ళ రంగులో పది చుక్కలు పోస్తే గానీ రాదు, ఆ పది చుక్కల నీళ్ళే మనకి శత్రువు. పొడి రంగు ఇంకా గాఢం, తడి అసలు లేదు, కానీ పంచదారకి నేరుగా అంటుకోదు. రెండు మూడు నీటి చుక్కలు పడాల్సిందే. మంచి సంగతి ఏమిటంటే ఆ చుక్కలెన్నో మన చేతిలో ఉంటుంది. నూనె రంగులు చాక్లెట్ కోసం చేసినవి, వాటిని పక్కన పెట్టండి.

రంగు కొనేటప్పుడు కక్కుర్తి పడవద్దు. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిదే. ఎరుపులో పోన్సో 4ఆర్, కార్మోయిసిన్, ఎరిత్రోసిన్. పసుపులో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో. నీలంలో ఇండిగో కార్మైన్, బ్రిలియంట్ బ్లూ. ఆకుపచ్చలో ఫాస్ట్ గ్రీన్. సీసా మీద ఇందులో ఏదో ఒక పేరు, మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే ‘మిఠాయి రంగు’ ముట్టుకోకండి. పీచు మిఠాయిలో రోడమిన్-బి అనే బట్టల రంగు బయటపడటంతో 2024 ఫిబ్రవరిలో తమిళనాడు ప్రభుత్వం పీచు మిఠాయి అమ్మకాలనే నిషేధించింది. తర్వాతి నెలలో కర్ణాటక పీచు మిఠాయిలోనూ గోబీ మంచూరియాలోనూ కృత్రిమ రంగులు వాడకూడదంది. అలాంటి రంగులు చూడటానికి ఎంతో నిగనిగలాడతాయి, సమస్య అక్కడే.

విదేశాల్లో ఉన్నవాళ్ళకి ఒక మాట. మన ఊరి రంగు సీసాలు సూట్‌కేసులో సర్దుకోకండి. పోన్సో 4ఆర్, కార్మోయిసిన్ రెండింటికీ అమెరికాలో ఆహారంలో అనుమతి లేదు. ఎరిత్రోసిన్‌కి ఉన్న అనుమతిని కూడా 2025 జనవరిలో అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ రద్దు చేసింది. యూరప్‌లో టార్ట్రజిన్, సన్‌సెట్ ఎల్లో లాంటి ఆరు రంగులు వాడితే పిల్లల చురుకుదనం మీద, ఏకాగ్రత మీద ప్రభావం ఉండొచ్చని ప్యాకెట్ మీద రాయాలి. పుట్టినరోజు కేక్ మీద ఒక చిటికెడు చల్లినంత మాత్రాన టెన్షన్ పడాల్సిన పని లేదు. రోజూ పాలల్లో కలిపి ఇవ్వకపోతే చాలు.

కలిపే పద్ధతి

కావాల్సినవి: ఒక కప్పు పంచదార, అంటే 200 గ్రాములు. జెల్ రంగు, టూత్‌పిక్‌లు, పొడిగా తుడిచిన స్టీలు గిన్నె, వెడల్పాటి పళ్ళెం, బటర్ పేపర్, సన్న జల్లెడ, గాలి చొరబడని గాజు సీసా. చేతికి ప్లాస్టిక్ గ్లవ్స్ ఉంటే వేసుకోండి, లేకపోతే రెండు రోజులు వేళ్ళు ఆకుపచ్చగా ఉంటాయి. గిన్నె, స్పూను, చెయ్యి అన్నీ పొడిగా ఉండాలని మళ్ళీ చెప్పక్కర్లేదనుకుంటాను.

1. పంచదారని ముందు జల్లించండి. అడుగున పడే పిండిలాంటి పొడి తడిని ముందుగా పీల్చుకుని ఉండలు కడుతుంది. దాన్ని తీసేస్తే సగం గొడవ వదిలిపోతుంది.

2. రంగుని మొత్తం పంచదారలో ఒకేసారి వేయకండి. ఒక టేబుల్ స్పూను పంచదార విడిగా తీసుకుని, టూత్‌పిక్ మొనకి అంటినంత జెల్ అందులో వేసి, స్పూను వెనకవైపుతో గిన్నె అంచుకి అదిమి రుద్దండి. మొదట రంగు చుక్కలు చుక్కలుగా ఉంటుంది, తెల్ల పలుకులు మధ్యమధ్యలో కనిపిస్తాయి. ఒకటి రెండు నిమిషాలు ఓపిగ్గా రుద్దితే చిక్కటి రంగులో తడి ఇసుకలాంటి ముద్ద తయారవుతుంది. ఇందులో తెల్ల పలుకు ఒక్కటీ ఉండకూడదు.

3. ఇప్పుడు మిగతా పంచదారని మూడు నాలుగు సార్లుగా ఈ ముద్దలో కలపండి. రెండు అరచేతుల మధ్య పంచదారని తీసుకుని, ముగ్గు పోసేటప్పటి వేళ్ళ కదలికతో రాలుస్తూ ఉంటే రంగు సమంగా పడుతుంది. జిప్‌లాక్ కవర్లో వేసి పైనుంచి నలిపే పద్ధతి కూడా ఉంది, పిల్లలతో చేయించడానికి అది సరదాగా ఉంటుంది. కాకపోతే కవరు మూలల్లో తెల్లది మిగిలిపోతుంది, జెల్ కొంత ప్లాస్టిక్‌కే అంటుకుపోతుంది. అందుకే చేత్తో కలపడమే నాకు నచ్చుతుంది.

4. రంగు చాల్లేదనిపిస్తే మళ్ళీ అదే పద్ధతి. ఒక స్పూను పంచదార పక్కకి తీసి, అందులో ఇంకాస్త జెల్ రుద్ది, తిరిగి కలపండి. ఎక్కువైతే తెల్ల పంచదార కలపండి. తడిగా ఉన్నప్పుడు రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక ఒక ఛాయ తగ్గుతుంది. కాబట్టి మీకు కావాల్సిన దానికంటే కొద్దిగా ముదురు దగ్గర ఆపండి.

నీళ్ళ రంగే ఇంట్లో ఉంటే కప్పుకి మూడు చుక్కలతో మొదలుపెట్టి, ఐదారు దాటకండి. లేత రంగుతో సర్దుకోండి. పొడి రంగయితే టూత్‌పిక్‌ని తడిపి పొడిలో ముంచి తీస్తే అంటినంత చాలు. దాన్ని గిన్నె అడుగున రెండు నీటి చుక్కల్లో కరిగించి, పైన చెప్పినట్టే ఒక స్పూను పంచదారతో మొదలుపెట్టండి. విదేశాల్లో బేకర్లు ఇక్కడ నీళ్ళకి బదులు వోడ్కా వాడతారు. నీళ్ళతో పోలిస్తే అందులో పంచదార తక్కువ కరుగుతుంది, పైగా తొందరగా ఆవిరవుతుంది. ఇంట్లో అభ్యంతరం లేనివాళ్ళు చేసుకోవచ్చు.

నల్లరంగు, చిక్కటి ఎరుపు ఆశించకండి. ఆ రంగులు రావాలంటే చాలా జెల్ పడుతుంది, పంచదార ముద్దవుతుంది, నాలుక మీద చేదు తగులుతుంది. ఎరుపు కావాల్సినచోట ముదురు గులాబీతో పని జరుపుకోవడం తెలివైన పని.

ఆరబెట్టడం

సగం మంది ఇక్కడే తొందరపడి చెడగొట్టుకుంటారు. కలపడం అయిపోగానే పని అయిపోయిందనుకుని సీసాలో పోసేస్తారు. చూడటానికి పొడిగానే ఉంటుంది మరి. మూత పెట్టాక లోపలి తడి ఎక్కడికీ పోలేక పలుకుల మధ్యే తిరిగి, రెండు రోజుల్లో సీసా ఆకారంలో ఒకే గడ్డ తయారవుతుంది.

పళ్ళెంలో బటర్ పేపర్ వేసి, రంగు పంచదారని వీలైనంత పలచగా పరవండి. పొర మందం అర సెంటీమీటరు దాటకూడదు. పొర మందంగా ఉంటే పైన పెచ్చు కడుతుంది, కింద తడి అలాగే ఉంటుంది. మొదటి గంటలో పావుగంటకోసారి ఫోర్కుతో గీరుతూ కలియబెట్టండి. పలుకులు అతుక్కునేది ఆ మొదటి గంటలోనే కాబట్టి, అప్పుడు కదిలిస్తూ ఉంటే తర్వాత గడ్డలతో పని ఉండదు. ఆ తర్వాత గంటకోసారి చాలు.

ఎంతసేపు అంటే వాతావరణం చెప్పాలి. కర్నూల్లో ఏప్రిల్ నెలలో జెల్ రంగు వేసిన పంచదార మధ్యాహ్నం పూట రెండు మూడు గంటల్లో ఆరిపోతుంది. అదే పంచదార కాకినాడలోనో విశాఖలోనో ఆగస్టు నెలలో రాత్రంతా ఉంచినా ఆరకపోవచ్చు. గాలిలో తేమ దాదాపు 85 శాతం దాటితే పంచదార ఆరడం మానేసి, గాలిలోంచే నీళ్ళు లాక్కుంటుంది. కోస్తాలో వానాకాలం ఉదయాలు మామూలుగానే ఆ అంకె దాటతాయి. ఆ రోజుల్లో కిటికీ పక్కన ఫ్యాను కింద పెట్టడం దండగ. ఏసీ ఉన్న గదిలో తలుపులు వేసి పెట్టండి, ఏసీ గాలిలోంచి తేమ లాగేస్తుంది. రిమోట్‌లో డ్రై మోడ్ ఉంటే ఇంకా మంచిది. చలికాలంలో హీటర్లు నడిచే అమెరికా ఇళ్ళల్లో ఈ బాధే ఉండదు, గాలి అంత పొడిగా ఉంటుంది.

ఏసీ లేకపోతే ఓటీజీ, అంటే ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్, వాడుకోవచ్చు. చాలా ఓటీజీలు 100 డిగ్రీల దగ్గరే మొదలవుతాయి. ఐదు నిమిషాలు వేడిచేసి, స్విచ్ ఆపేసి, అప్పుడు ట్రే లోపల పెట్టండి. తలుపు కొద్దిగా తెరిచి, మధ్యలో చెక్క గరిటె అడ్డం పెట్టండి. తలుపు పూర్తిగా మూస్తే ఆవిరి లోపలే ఉండిపోతుంది. పది నిమిషాలకోసారి కలియబెడుతూ అరగంట ఉంచితే సరిపోతుంది. బయటికి తీశాక పూర్తిగా చల్లారేదాకా ఆగండి, వేడిగా సీసాలో పోస్తే మళ్ళీ లోపల చెమ్మ పడుతుంది. మైక్రోవేవ్ మాత్రం వద్దు. అది తడి ఉన్నచోటునే వేడెక్కిస్తుంది, అక్కడక్కడ పంచదార కరిగి పాకపు చుక్కలవుతాయి.

ఎండలో పెట్టవచ్చా అని అడుగుతారు. వడియాలకి ఎండ మంచిదే, రంగులకి కాదు. ముఖ్యంగా పసుపు, బీట్‌రూట్ లాంటి మొక్కల రంగులు ఎండలో గంటల్లోనే వెలుస్తాయి. పైగా చీమలు. ఇంట్లో ఆరబెట్టినా చీమల భయం ఉంటే పెద్ద తాంబాళంలో కొద్దిగా నీళ్ళు పోసి, మధ్యలో ఒక గిన్నె బోర్లించి, దానిమీద పంచదార పళ్ళెం పెట్టండి. మన పెద్దవాళ్ళు నెయ్యి గిన్నెకి చేసే ఏర్పాటే.

ఆరిందని ఎలా తెలుస్తుంది? పళ్ళేన్ని ఒక పక్కకి వంచండి. తడి ఉన్న పంచదార ఒకచోట ఆగి, తర్వాత గుంపుగా జారుతుంది. బాగా ఆరినది వంచీ వంచగానే జర్రుమంటూ పలుకు పలుకుగా పరుగెడుతుంది. వేళ్ళ మధ్య నలిపితే గరగరలాడాలి, రంగు వేలికి అంటకూడదు. అప్పుడు ఒకసారి జల్లించి, మిగిలిన చిన్న ఉండల్ని అప్పడాల కర్రతో నలిపి, సీసాలో పోయండి.

మొక్కల రంగులతో

ఇక్కడ తడి లెక్క ఇంకా గట్టిగా పట్టించుకోవాలి. కూరగాయ రసంలో రంగు కంటే నీళ్ళే ఎక్కువ. కప్పు పంచదారకి ఒక టీస్పూను చిక్కటి రసం దాటకూడదు. అందుకని రసాన్ని ముందు చిక్కబరచాలి. వచ్చే రంగులు లేతగా, మెత్తగా ఉంటాయి, షాపు రంగుల ఆర్భాటం ఉండదు. నాకైతే అవే బాగుంటాయి.

బీట్‌రూట్ అందరికీ తెలిసినదే. ఒక మధ్యరకం దుంప తురిమి పిండితే వచ్చే రసాన్ని వెడల్పాటి గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టి, మరగనివ్వకుండా, రెండు టీస్పూన్లు మిగిలేదాకా దగ్గరపెట్టండి. గట్టిగా మరిగిస్తే గులాబీ రంగు గోధుమ రంగుకి తిరుగుతుంది. మరీ సన్నసెగ కుదరకపోతే డబుల్ బాయిలర్ పద్ధతిలో, అంటే వేడినీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి చేయండి. చల్లారాక అందులోంచి ఒక టీస్పూను రసం తీసి పంచదారలో రుద్దండి. పచ్చి మట్టి వాసన భయం అక్కర్లేదు, ఈ పాళ్ళలో తెలియదు. ఆరాక చక్కటి గులాబీ వస్తుంది.

శంఖుపుష్పం నీలానికి. ఎండబెట్టిన పూలు పదిహేను నుంచి ఇరవై దాకా తీసుకుని, రెండు టేబుల్ స్పూన్ల వేడినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, గట్టిగా పిండి, ఆ నీళ్ళని ఒక టీస్పూనుకి దగ్గరపెట్టండి. అందులో ఒకే ఒక్క చుక్క నిమ్మరసం వేస్తే కళ్ళముందే ఊదారంగులోకి మారుతుంది. పిల్లల్ని పిలిచి చూపించాల్సిన ఘట్టం ఇది. నిమ్మరసం ఎక్కువ వేస్తే మాత్రం పులుపు పంచదారని విడగొట్టి, తేమని పీల్చుకునే రకంగా మారుస్తుంది. అలా జిగటగా తయారైనది ఎంత ఆరబెట్టినా ఆరదు.

పెరట్లో తీగబచ్చలి ఉంటే పండిన నల్లటి బచ్చలి పండ్లు వదలకండి. చిన్నప్పుడు పల్లెటూళ్ళలో పిల్లలు సిరాలా వాడుకునే రసం అది. చిదిమి గుడ్డలో పిండితే చిక్కటి ఊదా ఎరుపు వస్తుంది, బీట్‌రూట్‌లా దగ్గరపెట్టే శ్రమ కూడా అంతగా ఉండదు. నాలుగైదు పండ్ల రసం కప్పు పంచదారకి చాలు. రుచి, వాసన దాదాపు లేవు. ఇంట్లో దొరికే వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన రంగు ఇదే, కానీ దీని సంగతి ఎవరూ పట్టించుకోరు.

పసుపుకి పసుపే. టీస్పూనులో ఎనిమిదో వంతు పసుపుని అర టీస్పూను వేడినీళ్ళలో కలిపి, రెండు నిమిషాలు ఆగి, పలచటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే చుక్కలు పడతాయి. వాసన కొద్దిగా మిగులుతుంది, అది వద్దనుకుంటే కుంకుమపువ్వు. ఇరవై పోగులని వేడి గరిటెలో నలిపి, టీస్పూను వేడినీళ్ళలో గంటసేపు నానబెట్టండి. పాలలో నానబెట్టకూడదు, నిల్వ ఉండదు. ఒక జాగ్రత్త: పసుపు వేసిన పంచదారకి బేకింగ్ సోడా తగలనివ్వకండి, ఎర్రబడుతుంది. సోడా ఎక్కువున్న కుకీ పిండి మీద చల్లినప్పుడు అడుగున ఎర్రటి మచ్చలు కనిపించడం ఇందువల్లే.

ఆకుపచ్చకి పాలకూర రసం వాడమంటారు. ఆకు వాసన వస్తుంది, వేడి తగిలితే రంగు వాడిపోయిన ఆకులా అవుతుంది. దానికంటే శంఖుపుష్పం నీళ్ళు, పసుపు నీళ్ళు అర టీస్పూను చొప్పున కలిపితే శుభ్రమైన ఆకుపచ్చ వస్తుంది. క్యారెట్ మీద ఆశలు పెట్టుకోకండి. దాని రంగు నూనెలో కరిగేది, రసంలో కొద్దిగానే దిగుతుంది.

మొక్కల రంగులు వేసిన పంచదారని ఓవెన్‌లో ఆరబెట్టవద్దు. నీడలో, ఏసీ గదిలో ఒక రోజు పడుతుంది, పట్టనివ్వండి.

ఎప్పుడు, దేనిమీద చల్లాలి

ఇంత కష్టపడి ఆరబెట్టిన పంచదారని తీసుకెళ్ళి తడి మీద చల్లితే ఏం లాభం? ఇది మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. పైన వేసేది వెన్న, నెయ్యి, చాక్లెట్ లాంటిదైతే పంచదార గంటల తరబడి చెక్కుచెదరదు. బటర్‌క్రీమ్ కేక్‌కి ఉదయం చల్లినా సాయంత్రం పార్టీకి బాగానే ఉంటుంది. విప్పింగ్ క్రీమ్‌లో నీళ్ళు ఎక్కువ, అరగంట నుంచి గంటలోపు కరగడం మొదలవుతుంది. దానిమీద చల్లాలంటే కేక్ కోసే ముందే. పుడ్డింగ్, ఫ్రూట్ సలాడ్, డబల్ కా మీఠా లాంటి వాటి మీద అసలు నిలవదు.

ఫ్రిజ్ ఇంకో గండం. కేక్ మీద పంచదార చల్లి ఫ్రిజ్‌లో పెట్టి బయటికి తీస్తే, చల్లటి కేక్ మీద గాలిలోని తేమ నీటిబిందువులై పడుతుంది, పంచదార మొత్తం కరిగి కారుతుంది. ముందు కేక్ బయటికి తీసి, గది వేడికి వచ్చి, పైన చెమ్మ పోయాక చల్లండి.

కుకీల మీద రెండు విధాలుగా వేయొచ్చు. కాల్చే ముందు పిండి మీద పాలు గానీ గుడ్డు తెల్లసొన గానీ పలచగా రాసి, పంచదార చల్లి, వేళ్ళతో మెల్లగా అద్దండి. 170-180 డిగ్రీల కుకీ ఓవెన్‌లో పొడి పంచదార పలుకు కరగదు, కరకరలాడుతూ అలాగే ఉంటుంది. జెల్ రంగులు ఈ వేడిని తట్టుకుంటాయి, పసుపు కూడా ఫరవాలేదు, బీట్‌రూట్, బచ్చలి పండు మాడిన రంగుకి వస్తాయి. అందుకని మొక్కల రంగులైతే కాల్చి చల్లార్చాక పలచటి ఐసింగ్ రాసి, అది జిగురుగా ఉండగానే చల్లండి.

డోనట్‌కి, బన్నుకి కరిగిన వెన్న రాసి పంచదారలో దొర్లించడమే. మన పిండివంటల్లో గులాబీ పువ్వులు దీనికి బాగా కుదురుతాయి. నూనెలోంచి తీసి, కారే నూనె వదిలించి, గోరువెచ్చగా ఉండగానే సన్న పలుకు పంచదార చల్లితే పైనున్న నూనె తడికే అంటుకుంటుంది. కజ్జికాయల అంచులకీ అంతే. గ్లాసు మూతికైతే నిమ్మచెక్కతో రుద్దే అలవాటు ఉంది, అది కరిగిస్తుంది. దానికి బదులు తేనె పలచగా రాసి పంచదారలో ముంచి, ఐదు నిమిషాలు ఆరనిచ్చి డ్రింక్ పోయండి.

మధ్యలో ఒక మాట. తెలంగాణలో హోలీకి పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు, జాతరల్లో అమ్మే పంచదార చిలకలు చూసి, ఈ రంగు పంచదారతో చేయొచ్చా అంటారు కొందరు. అవి పాకం పట్టి అచ్చుల్లో పోసేవి, వేరే విద్య. ఈ పంచదారని కరిగిస్తే రంగు పాకం వస్తుంది గానీ, అంతకంటే పాకంలోనే నేరుగా రంగు వేసుకోవడం సులువు.

నిల్వ, చిన్న చిన్న చిక్కులు

గాజు సీసా, బిగుతైన మూత, చీకటి అల్మారా. పంచదార తనంత తాను పాడవదు, జెల్ రంగు వేసినది ఏడాది దాకా నిక్షేపంగా ఉంటుంది. మొక్కల రంగులు నెల దాటాక నెమ్మదిగా వెలుస్తాయి, కాబట్టి అవి పండక్కి వారం ముందు కొద్దికొద్దిగా చేసుకోవడమే మేలు. రెండు రంగుల్ని ఒకే సీసాలో పోస్తే కలిసి మూడో రంగు అవదు, పలుకులు విడివిడిగానే కనిపిస్తాయి. గులాబీ, తెలుపు, లేత పసుపు అలా కలిపి ఉంచితే కప్‌కేకులకి అందంగా ఉంటుంది. నిజంగా మూడో రంగు కావాలంటే కలపడం తడి దశలోనే జరగాలి.

సీసాలో గడ్డ కట్టిందా? పారేయకండి. బయటికి తీసి చేత్తో ముక్కలు చేసి, జిప్‌లాక్ కవర్లో వేసి అప్పడాల కర్రతో మెల్లగా దొర్లించండి. నలిగాక మళ్ళీ పరిచి రెండు గంటలు ఆరబెట్టి జల్లించండి. మొదటిసారి ఆరింది చాల్లేదని అర్థం, రెండోసారి గడ్డ కట్టదు.

రంగు మచ్చలుగా పడితే ఆరక ముందే పట్టుకోవాలి, ఒక చుక్క నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దితే సర్దుకుంటుంది. ఆరిపోయాక చూసుకుంటే మాత్రం, ముదురు పలుకులూ లేత పలుకులూ కలిసిన రంగుగానే వాడేయండి, కేక్ మీద ఎవరికీ తెలియదు. జిగటగా ఉండి ఎంతకీ ఆరకపోతే అందులో పులుపో, తేనెలా జిగటగా ఉండే జెల్ రంగో ఎక్కువ పడిందని లెక్క. దాన్ని సోడాలోనో నిమ్మరసంలోనో కలుపుకుని తాగేసి, కొత్త కప్పు పంచదారతో మొదలుపెట్టండి.